భీమిలి వేసవి నవలకు జూన్ 14 గడువు

ఈ నెల రచనా సందేహాల శీర్షికకు వచ్చిన ఉత్తరాలలో నాలుగు ఒకే కోరిక చుట్టూ తిరిగాయి. సముద్రం ఒడ్డున ఉన్న ఒక చిన్న ఊరిలో, వేసవి సెలవుల్లో జరిగే తేలికపాటి నవల రాయాలన్నది ఆ కోరిక. నాకు ఎంతో ఇష్టమైన విషయం కనుక ఈసారి శీర్షిక మొత్తాన్ని దానికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: నేను ఉపాధ్యాయినిగా పనిచేసి పదవీ విరమణ చేశాను. హైదరాబాదులో ఇంజనీరింగ్ చదువుతున్న ఒక అమ్మాయి వేసవి సెలవులకు భీమునిపట్నంలోని అమ్మమ్మగారింటికి వచ్చి, అక్కడ ఒక పడవ యజమాని కొడుకుతో స్నేహం చేయడం నా నవలలోని కథ. ఆరు అధ్యాయాలు హాయిగా సాగాయి. ఆ తర్వాత ఎంత ప్రయత్నించినా కథ కదలడం లేదు. భీమిలికి విహారయాత్రగా రెండుసార్లు మాత్రమే వెళ్లాను. రాతప్రతి జతచేశాను, దయచేసి చదివి సలహా ఇవ్వగలరు. (ఒక పాఠకురాలు, సికింద్రాబాద్)

జవాబు: మీ ఆరు అధ్యాయాలనూ రెండుసార్లు చదివాను. అమ్మమ్మ పాత్ర నాకు బాగా నచ్చింది. మనవరాలు వచ్చిన రోజున ఆమె ఏమీ మాట్లాడకుండా ముందుగా మంచినీళ్ల చెంబు చేతికిచ్చి, తాగేదాకా ఎదురుగా నిలబడే సన్నివేశం రాయగలిగిన వారికి నవల రాయడం రాదని ఎవరూ అనలేరు. కథ ఆగిపోవడానికి కారణం మీ పాత్రలలో లేదు, మీ భీమిలిలో ఉంది. మీరు రాసిన ఊరిలో అలలున్నాయి, ఇసుక ఉంది, చల్లని గాలి ఉంది. అవి ప్రపంచంలోని ఏ తీరంలోనైనా ఉంటాయి. భీమిలిలో మాత్రమే ఉండేవి, కథను ముందుకు నెట్టగలిగేవి ఇంకా మీ కాగితం మీదికి రాలేదు.

ముందుగా సరిచేయవలసినవి చెబుతాను. మొదటి అధ్యాయంలో మీ కథానాయిక భీమిలి రైల్వే స్టేషన్లో దిగింది. భీమిలికి రైలు లేదు. ఆమె విశాఖపట్నంలోనో, విజయనగరంలోనో దిగి, అక్కడి నుంచి బస్సులో రావాలి. ఇది మీకు నష్టం కాదు, లాభం. విశాఖ నుంచి బీచ్ రోడ్డు మీదుగా వచ్చే బస్సులో కుడివైపు కిటికీ దగ్గర కూర్చుంటే రుషికొండ దగ్గరి నుంచి సముద్రం కనిపిస్తూ, మాయమవుతూ, మళ్లీ కనిపిస్తూ ఉంటుంది. ఎడమవైపు తొట్లకొండ, ఆ తర్వాత ఎర్రమట్టి దిబ్బలు వస్తాయి. ఊరు చేరేలోగా ఆ అమ్మాయి మనసులో ఏముందో పాఠకులకు చెప్పడానికి గంటసేపు దొరుకుతుంది. పైగా తాతయ్యో, మేనమామో విశాఖకు ఎదురువస్తే మరొక పాత్ర తానుగా కథలోకి నడిచి వస్తుంది.

రెండోది ఇంతకంటె ముఖ్యమైనది. మీ నవలలో నాలుగుసార్లు సూర్యుడు సముద్రంలో అస్తమించాడు. మన తీరం తూర్పు తీరం. భీమిలిలో సూర్యుడు సముద్రంలో నుంచి ఉదయిస్తాడు, ఊరి వెనుక కొండల చాటున అస్తమిస్తాడు. సినిమాలలో పడమటి తీరపు సాయంత్రాలు చూసి చూసి మనలో చాలామందికి ఈ పొరపాటు అలవాటైపోయింది. దాన్ని దిద్దుకుంటే మీ నవల స్వరూపమే మారిపోతుంది. మే నెలలో అక్కడ ఐదున్నరకు ముందే తెల్లవారుతుంది. ఆ వేళకు ఒడ్డున ఉండేవారు వేరు, సాయంత్రం షికారుకు వచ్చేవారు వేరు. మీ ఇద్దరూ మొదటిసారి కలుసుకోవలసింది తెల్లవారుజామున. సాయంత్రపు సన్నివేశమే కావాలంటే పౌర్ణమిని వాడుకోండి. పున్నమి నాడు ఇటు కొండల వెనుక సూర్యుడు దిగుతుండగానే అటు నీళ్లలో నుంచి చంద్రుడు పైకి వస్తాడు. మర్నాడు సుమారు యాభై నిమిషాలు ఆలస్యంగా వస్తాడు, ఆ మర్నాడు మరికాస్త ఆలస్యంగా. చంద్రోదయం చూడాలనే సాకుతో ఇంటికి చేరే వేళ రోజురోజుకూ జరిగిపోతుంటే, అమ్మమ్మ గమనించకుండా ఉంటుందా? పంచాంగం చూసే ఇంట్లో ఆమె గమనించే తీరుతుంది. మీకు ఒక అధ్యాయం దొరికినట్టే.

అలాగే పోటూ పాటూ. సముద్రం రోజుకు రెండుసార్లు పొంగి రెండుసార్లు తీస్తుంది, ఆ వేళలు కూడా రోజుకు యాభై నిమిషాల చొప్పున జరుగుతాయి. అంటే ఈ సోమవారం సాయంత్రం ఆరుగంటలకు వెడల్పుగా, తడిగా, నడవడానికి వీలుగా ఉన్న ఇసుక, వచ్చే సోమవారం అదే ఆరుగంటలకు నీళ్ల కింద ఉంటుంది. మీరు ఆరు అధ్యాయాల పాటు ఒకే వేళకు ఒకే ఇసుక మీద వాళ్లను నడిపించారు. ఊరి అబ్బాయికి ఆ లెక్క తెలుసు, హైదరాబాదు అమ్మాయికి తెలియదు. వారిద్దరి మధ్య మొదటి మాట అక్కడి నుంచే పుట్టవచ్చు.

ఇక అసలు విషయానికి వస్తాను. మీ కథానాయకుడు మే నెలలో రోజూ ఇంజన్ పడవ మీద వేటకు వెళ్లి వస్తున్నాడు. మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, చేపలు గుడ్లు పెట్టే కాలమని, మర పడవలతో వేట నిషేధం. మొత్తం 61 రోజులు. 2015కు ముందు ఇది మే నెలాఖరు వరకు, 47 రోజులే ఉండేది కాబట్టి మీ కథ ఏ సంవత్సరంలో జరుగుతోందో ముందు నిర్ణయించుకోండి. ఇంజన్ లేని సంప్రదాయ పడవలకు ఈ నిషేధం వర్తించదు. అందుచేత మే నెలలో మీ అమ్మమ్మ వీధిలోకి వచ్చే గంపలో పెద్ద వంజరం కంటె ఒడ్డుకు దగ్గరగా పడిన నెత్తళ్లో, కవళ్లో ఉండడం సహజం. లేదంటే ఎండు చేపలు. మీరు మూడుసార్లు వడ్డించిన వంజరం పులుసును ఒక్కసారికి తగ్గించి, అది దొరకడమే ఆ రోజు విశేషంగా చేయండి.

ఇప్పుడు ఈ తేదీలను సెలవుల తేదీల పక్కన పెట్టి చూడండి. సెలవులు ఏప్రిల్ చివరలో మొదలై జూన్ రెండో వారంలో ముగుస్తాయి. వేట నిషేధం జూన్ 14 అర్ధరాత్రితో ముగుస్తుంది. అమ్మాయి ఊరికి వచ్చినప్పుడు అబ్బాయి ఒడ్డున ఉంటాడు. అమ్మాయి వెళ్లిపోయే రోజులలో అబ్బాయి సముద్రం మీదికి వెళ్లిపోతాడు. మీ నవల ఆగిపోవడానికి కారణం, దానికి గడువు లేకపోవడం. ఆ గడువును భీమిలి తానే ఇస్తోంది, మీరు ఏ విలన్‌నూ, ఏ ఉత్తరాన్నీ, ఏ ప్రమాదాన్నీ కల్పించనక్కరలేదు. మీ మొదటి అధ్యాయంలోనే ఎవరో ఒకరు మామూలు మాటగా జూన్ 14 అన్న తేదీని ఒకసారి పలకాలి. ఆ తర్వాత మీరు ఎంత నవ్వించినా, ఎంత నెమ్మదిగా నడిపించినా, పాఠకులు మనసులో రోజులు లెక్కపెట్టుకుంటూనే ఉంటారు.

ఒక జాగ్రత్త. ఆ రెండు నెలలు వేటగాళ్లకు ఖాళీ కాలం కాదు. పడవను ఒడ్డు మీదికి లాగి, చెక్కో ఫైబరో దెబ్బతిన్నచోట అతుకు వేసి, రంగు పూసి, ఇంజన్ విప్పి బాగుచేయించి, నీడ పట్టున కూర్చుని రోజంతా వలలు కడతారు. ఆదాయం ఉండదు, ప్రభుత్వం ఇచ్చే భృతి కోసం ఎదురుచూడడం ఉంటుంది. తేలికపాటి నవలలో ఈ బరువంతా మోయనవసరం లేదు గాని, అబ్బాయి చేతిలో వల కట్టే సూది మాత్రం ఉండాలి. అతడు మాట్లాడుతున్నంతసేపూ ఆ చేతులు ఆగకూడదు. ఒక్కచోట మాత్రం ఆగాలి, అది ఎక్కడన్నది మీకే వదిలేస్తున్నాను.

ప్రశ్న: మా ఊరు వరంగల్. సముద్రం పక్కన వేసవి అంటే చల్లగా ఉంటుందని అనుకుని కథ మొదలుపెట్టాను. విశాఖ స్నేహితురాలు చదివి, తప్పు రాశావని నవ్వింది. అక్కడి ఎండ ఎలా ఉంటుంది? (ఒక పాఠకురాలు, వరంగల్)

జవాబు: మీ వరంగల్ ఎండ పొడి ఎండ, నెత్తిన మాడుతుంది. తీరంలో వేడిమి అంకెల్లో తక్కువే ఉంటుంది, కాని గాలిలో తేమ వల్ల ఉక్కపోస్తుంది. ఒంటికి పట్టిన చెమట ఆరదు. తీగ మీద వేసిన చీర పొద్దున్నుంచి సాయంత్రం దాకా తడి వాసన వదలదు. ఉప్పు డబ్బాలో ఉప్పు నీరు కారకుండా గుప్పెడు బియ్యపు గింజలు వేస్తారు. వేయించిన అప్పడం మాటల్లో పడి మరిచిపోతే కంచంలోనే మెత్తబడిపోతుంది. కిటికీ చువ్వల మీద ఏటేటా రంగు వేసినా తుప్పు మళ్లీ పైకి వస్తుంది. మీ పాత్ర వరంగల్ నుంచి వచ్చినదైతే ఈ వివరాలన్నీ ఆమె కళ్లకే ముందు పడతాయి, ఊరివాళ్లకు అవి కనిపించవు.

గాలి సంగతి కూడా చెప్పాలి. నేల త్వరగా వేడెక్కుతుంది, నీరు నెమ్మదిగా వేడెక్కుతుంది కాబట్టి ఎండ ముదిరాక సముద్రం మీది గాలి ఊరివైపు తిరుగుతుంది. ఆ తిరగడం కోసం అందరూ ఎదురుచూస్తారు. పడమటి వడగాలి బలంగా వీచిన రోజు మాత్రం ఆ చల్లదనం మధ్యాహ్నం దాటినా లోపలికి రాదు, తీరం కూడా కుంపటిలా కాగిపోతుంది. నా చిన్నతనపు వేసవులు ఆ ఒడ్డునే గడిచాయి. మా ఇంట్లో ఆ వడగాలి కోసం కోరి కోరి ఎదురుచూసే మనిషి ఒక్కరే ఉండేవారు, మా అమ్మమ్మ. డాబా మీద పాత పంచె తడిపి పరిచి, దాని మీద పిండి వడియాలు పెట్టి, నాలుగు మూలలా రాళ్లు ఉంచి, కాకులు రాకుండా నన్ను నల్ల గొడుగుతో కూర్చోబెట్టేది. తూర్పు గాలి తిరిగిందంటే వడియం పైన చర్మం కట్టి లోపల పచ్చిగా ఉండిపోతుంది. ఇంట్లో వాళ్లందరూ హమ్మయ్య అని తలుపులు తెరిచే క్షణంలో ఆవిడ ఒక్కతే డాబా ఎక్కి, పంచె అంచు ఎత్తి చూసి, ఇంకొక్క గంట ఆగితే దాని సొమ్మేం పోయేది అని సముద్రాన్ని విసుక్కునేది. ఒకే గాలి ఒకే ఇంట్లో ఒకరికి వరం, ఒకరికి నష్టం. తేలికపాటి నవలకు కావలసిన తగాదా ఈ పాటిదే.

ప్రశ్న: జాలరి పాత్రల చేత వారి యాసలో మాట్లాడించాలా, అందరి చేతా ఒకే భాష మాట్లాడించాలా? యాస రాస్తే హేళన చేసినట్టు ఉంటుందని మా సాహితీ మిత్రులు అన్నారు. (ఒక పాఠకుడు, కాకినాడ)

జవాబు: యాస రాయడంలో హేళన లేదు. యాసను ఒక్కరికే అంటగట్టడంలో హేళన ఉంది. మీరు పంపిన అధ్యాయంలో వేటగాళ్లు మాత్రమే ఉత్తరాంధ్ర మాట మాట్లాడుతున్నారు. భీమిలిలోనే పుట్టిపెరిగిన మేనమామ, పక్కింటి పిన్నిగారు, పాల కేంద్రం కుర్రవాడు అచ్చు పత్రికా భాష మాట్లాడుతున్నారు. ఆ ఊరి గాలి అందరి నోటికీ తగులుతుంది. మేనమామ నోట కూడా ఏటి అన్న మాట రావాలి, పిన్నిగారు కూడా ఆడపిల్లను గుంట అని పిలవాలి. అప్పుడు యాస కులానికో వృత్తికో కాకుండా ఊరికి చెందుతుంది. హైదరాబాదు నుంచి వచ్చిన అమ్మాయి మాట ఒక్కటే వేరుగా వినిపిస్తుంది, అదే సహజం.

ఎంత రాయాలన్నది రెండో ప్రశ్న. మీ ముసలి వేటగాడు ఒకచోట, అమ్మా, నేడు సముద్రము అల్లకల్లోలముగా ఉన్నది, మీరు వెళ్లవలదు, అంటున్నాడు. ఒడ్డున ఆ మాట అనే మనిషి లేడు. తర్వాతి పేజీలో అదే మనిషి మాట ప్రతి అక్షరమూ విరిచి రాయడం వల్ల చదవడానికి నాలుగుసార్లు వెనక్కి వెళ్లవలసి వచ్చింది. రెండూ వద్దు. సంద్రం బాగునేదమ్మా, ఎల్లకండి, అంటే చాలు. మూడు మాటలలో మనిషీ, ఊరూ, హెచ్చరికా వచ్చేశాయి. పైగా ఆయనకు చెప్పవలసింది అంతే. సముద్రం తెలిసినవారు దాని గురించి పొడుగ్గా మాట్లాడగా నేను వినలేదు.

పిలుపుల విషయంలోనూ శ్రద్ధ వహించండి. అబ్బాయి అమ్మమ్మను మామ్మగారూ అంటాడు. అమ్మాయిని ఏమని పిలవాలో అతడికి మొదట తెలియదు, కాబట్టి కొన్ని పేజీల పాటు ఏ పిలుపూ లేకుండానే మాట్లాడతాడు. ఏమండీ నుంచి పేరు దాకా వచ్చే ఆ దూరమే మన భాషలో ప్రేమకథ. మీరు మొదటి సంభాషణలోనే నువ్వు అనిపించి ఆ దూరాన్ని ఒక్క అంగలో దాటించారు.

ప్రశ్న: నిజమైన ఊరి పేరు పెట్టాలా, కల్పిత ఊరా? నిజమైన ఊరైతే చరిత్ర ఎంత చెప్పాలి? (ఒక పాఠకుడు, విజయనగరం)

జవాబు: నా ఓటు నిజమైన ఊరికే. భీమిలిలో పదిహేడో శతాబ్దంలో డచ్చివారు స్థిరపడ్డారు, 1825లో ఊరు ఆంగ్లేయుల చేతికి వచ్చింది, 1861లోనే పురపాలక సంఘం ఏర్పడింది, ఒకప్పుడు ఓడలు ఆగిన రేవు 1933లో విశాఖ హార్బరు తెరుచుకున్నాక మరింత వెలవెలబోయింది. ఇదంతా మీకు తెలిసి ఉండాలి, కాని ఒక్క పేరాలో కుమ్మరించకూడదు. డచ్చివారి సమాధుల దగ్గర గోడ నీడలో ఎవరైనా మామిడిపండు తింటూ కూర్చున్నారా? అప్పుడు రాతి మీద చెక్కిన అక్షరాలను చదవబోయి, అర్థం కాక, రసం అంటిన వేలితో వాటి మీద గీస్తారా? అక్కడ ఒక్క వాక్యం చరిత్ర చెప్పండి. ఆ పండు సువర్ణరేఖ అయితే మరీ మంచిది, అది మన ఉత్తరాంధ్ర పండు.

గోస్తని సముద్రంలో కలిసే చోటును మాత్రం వదలకండి. అనంతగిరి కొండల్లో బొర్రా గుహల దగ్గర పుట్టిన ఏరు అది. విజయనగరం నుంచి రాస్తున్న మీకు తాటిపూడి జలాశయం తెలిసే ఉంటుంది, ఆ నీరూ గోస్తనిదే. కొండ నుంచి వచ్చిన నీరూ, సముద్రం నుంచి పోటుకు లోపలికి వచ్చే నీరూ కలిసే చోట మీ పాత్రలను ఒకసారి నిలబెట్టండి. పోలికలేవీ చెప్పకుండా, నీళ్లను మాత్రం వర్ణించండి.

ప్రశ్న: తేలికపాటి నవలలు కాలక్షేపానికే తప్ప సాహిత్యం కావని మా అధ్యాపకులు అంటున్నారు. ఇలాంటివి రాయడం వృథాయేనా? (ఒక విద్యార్థిని, తిరుపతి)

జవాబు: 1960 నుంచి 1980ల దాకా వారపత్రికల ధారావాహికలు, నెలకొక్క నవల, అద్దె పుస్తకాల దుకాణాలు తెలుగు ఇళ్లలో లక్షల చేతుల్లో పుస్తకం పెట్టాయి. వంటిల్లు సర్దుకున్న తర్వాత దొరికే మధ్యాహ్నపు రెండు గంటలను చదువుకు వాడుకోవడం ఎందరో స్త్రీలు ఆ నవలల వల్ల నేర్చుకున్నారు. వాటిలో చాలా భాగం స్త్రీలే రాశారు. అందులో నాసిరకం లేదని నేను అనను. కాని బరువైన నవలలోనూ నాసిరకం ఉంది, దాన్ని ఎవరూ కాలక్షేపమని కొట్టిపారేయరు, అంతే తేడా. తేలికగా చదివించడానికి రచయిత పడే శ్రమ మామూలుది కాదు. పైన సికింద్రాబాద్ పాఠకురాలికి చెప్పిన తిథులు, పోటుపాట్లు, వేట తేదీలు ఒక్కటి తప్పినా, ఊరు తెలిసిన పాఠకుడు పుస్తకం మూసేస్తాడు. మీరు నిశ్చింతగా రాయండి.

చివరిగా మళ్లీ సికింద్రాబాద్ పాఠకురాలికే. మీ ఉత్తరం వెనుక పెన్సిలుతో మరొక ప్రశ్న రాసి కొట్టేశారు. చివర్లో ఇద్దరికీ పెళ్లి చేయాలా అని చదవగలిగాను. ఆ నిర్ణయం ఇప్పుడే వద్దు. జూన్ 14 సాయంత్రం ఒడ్డుకు వెళ్లండి. రంగు ఆరిన పడవలకు పసుపు కుంకుమ పెట్టి, గంగమ్మకు కొబ్బరికాయ కొట్టి, వలలు ఎక్కిస్తుంటారు. అమ్మాయి బట్టల పెట్టె ఇంట్లో సర్ది ఉంది. అర్ధరాత్రి దాటాక ఒక్కొక్క ఇంజనూ మోగుతుంటే అమ్మమ్మా, మనవరాలూ డాబా మీద పడుకుని వింటుంటారు. ఆ చీకట్లో ఇద్దరిలో ఎవరు ముందు మాట్లాడతారో, ఏమంటారో ఆ ఒక్క పేజీ ముందుగా రాసి, దాన్ని దగ్గర పెట్టుకుని ఏడో అధ్యాయం మొదలుపెట్టండి. పూర్తయ్యాక ఆ పేజీని నాకు పంపండి, తప్పక చదువుతాను.